ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు

నాగపురమునుండి దిగివచ్చు 44వ సంఖ్య జాతీయ రహదారియు, హైదరాబాదు నగరమును చుట్టియున్న ఔటరు రింగురోడ్డును కండ్లకోయయొద్ద కలిసికొనుచున్నవి. 2018లో ఈ కూడలి పూర్తియైన పిదపనే 158 కిలోమీటర్ల వలయమునకు వలయమను పేరు సార్థకమైనది. అంతవఱకు అది అతుకు పడని కడియమువలె నుండెను. ఉత్తరదేశపు లారీలు, కోతకాలమున పంజాబునుండి వచ్చు కోతయంత్రములు, మేడ్చలు పరిసరములందలి కళాశాలల బస్సులు, లెక్కకు మిక్కిలియైన కార్లు ఈ చోటికి వచ్చియే దారి మార్చుకొనవలసియున్నది. ఈ దారిన తఱచు పోవువారికి పరిచితమైన దృశ్యమొకటి కలదు. రోడ్డు వారన ఒక బండి మూత యెత్తి నిలిచియుండును. దాని వెనుక నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ. డ్రైవరు ఫోను చెవికి ఆనించుకొని యజమానునితో వాదించుచుండును. టైరు పగిలిన బండియైనచో గంటలో కదలును. డీజిలు అయిపోయినదైనచో అంతకుముందే కదలును. నూనె ఒత్తిడి పోయి ఇంజను బిగిసినదైనచో స్వశక్తిచే కదలుట కల్ల. టోచను కట్టి ఈడ్చుకొనిపోవలసినదే.

రాజకీయ చర్చలకు నెలవైన యీ స్తంభములలో ఇంజను నూనె ప్రసక్తి యేలయని కొందఱు పాఠకులు శంకింపవచ్చును. నేడు మన రైతుల యిండ్లలో ఎడ్ల స్థానమును ఇంజను ఆక్రమించినది. రెండు జతల యెడ్లు గల గృహస్థు ఒక జత పోయినను రెండవదానితో దుక్కి సాగించుకొనెడివాడు. బ్యాంకు అప్పుపై ట్రాక్టరు కొన్నవానికి రెండవ జత లేదు. ఇంజను ఆగినను కిస్తీ ఆగదు. ఇది యింటి లెక్కలకు మాత్రమే సంబంధించినదైనచో మేమింతగా వ్రాయబూనకుందుము. ఔటరు రింగురోడ్డుపై గరిష్ఠ వేగమును 2023లో గంటకు 100 కిలోమీటర్లనుండి 120కి పెంచిరి. ఆ వేగమున పోవు కారు ఒక్క సెకనులో 33 మీటర్లు గడచును. అట్టి దారి నడుమ చెప్పక చెయ్యక నిలిచిపోయిన బండి దాని యజమానునికే కాక వెనుక వచ్చు ఎన్నడును చూడని సంసారములకును ఆపద తెచ్చిపెట్టును.

ఇంజనులో నూనె చేయు పనినిగూర్చి మనలో చాలమందికి గల యభిప్రాయము బండి యిరుసునుండి వచ్చినది. ఇరుసునకు కందెన పెట్టినట్లే ఇంజనులో నూనె పోయుదురని తలంతురు. కాని యీ పోలిక కొంతదూరమే నడచును. కందెన తక్కువైన యెడ్లబండి కీచుమని మొఱపెట్టుచు ఊరు చేరును. ఇంజను మొఱపెట్టునప్పటికి కాలము మించిపోవును. ఈ భేదమునకు కారణము 1883 ప్రాంతమున ఇంగ్లండులో జరిగిన యొక పరీక్షలో బయటపడినది. రైలుబండ్ల యిరుసు బేరింగులను పరీక్షించుచున్న బీచం టవరు అను ఇంజనీరు, నూనె పోయుటకై బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేయించెను. యంత్రము తిరుగుచుండగా నూనె లోనికి పోవుటకు మాఱుగా ఆ రంధ్రమునుండి పైకి ఉబికినది. బెండు బిరడా బిగించిరి, అది ఎగిరిపోయినది. కొయ్యమేకు కొట్టిరి, అదియు వెలికి వచ్చినది. తుదకు ఒత్తిడి కొలుచు గడియారమును అమర్చగా, చదరపు అంగుళమునకు 200 పౌన్ల వఱకు గుర్తులు గల దాని ముల్లు ఆ యెల్లను దాటిపోయినది. తిరుగుచున్న ఇరుసు తనంతట తానే నూనెను తన క్రిందికి ఈడ్చుకొని దానిపై తేలుచున్నదని అప్పుడు తెలిసినది. 1886లో ఆస్బరన్ రెనాల్డ్సు అను పండితుడు దీనికి గణితసిద్ధాంతమును సమకూర్చెను.

కావున మంచిస్థితిలో నున్న ఇంజనులో ఇనుము ఇనుమును తాకదు. వెంట్రుకకంటె ఎన్నో రెట్లు పలుచనైన నూనెపొర క్రాంకుషాఫ్టును మోయుచుండును. ఆ పొరకు ఎడతెగక నూనెనందించుటయే ఆయిలు పంపు పని. అడుగున నున్న ఛాంబరునుండి నూనెను జల్లెడద్వారా పీల్చి, ఫిల్టరులో వడగట్టి, సన్నని కాలువలగుండ బేరింగులకును పైనున్న క్యాముషాఫ్టునకును అది పంపుచుండును. డీజిలు బండ్లలో అతివేగమున తిరుగు టర్బోకును ఈ నూనెయే ప్రాణాధారము. మన చెఱువు నీటి పారుదలను ఎఱిగినవారికి ఇది బోధపడుట కష్టముకాదు: తూము మూసికొన్నను, చెఱువు ఎండినను, కాలువకు గండి పడినను చివరి మడి ఎండుట ఒక్కతీరుననే యుండును. రోడ్డు వేగమున మంచి ఇంజనులో నూనె ఒత్తిడి సాధారణముగా చదరపు అంగుళమునకు 30 మొదలు 70 పౌన్ల వఱకు నుండును. అది అయిదారు పౌన్లకు పడిపోయినప్పుడు డ్రైవరు ఎదుట ఎఱ్ఱదీపము వెలుగును. కొమ్ముచెంబు బొమ్మ, దాని మూతినుండి జారు చుక్క – ఇదియే దాని గుర్తు.

ఈ దీపమునుగూర్చి మాకొక ఫిర్యాదు కలదు. పూర్వపు బండ్లలో నూనె ఒత్తిడికి ముల్లుగల గడియారముండెడిది. అనుదినము దానిని చూచు డ్రైవరు, ముల్లు నిన్నటికంటె నేడు దిగియున్నదని గ్రహించి ఊరనే బండి నాపి చూపించుకొనెడివాడు. నేటి కార్లలో పెక్కింటికి ఆ ముల్లు లేదు, దీపమొక్కటే మిగిలినది. దీపము క్రమముగా చెప్పదు. అరువది పౌన్లు ముప్పదియైనను మాటాడదు, పదియైనను మాటాడదు. ఆఱునకు దిగిన పిదప ఒక్కసారిగా కేకవేయును. కావున అది వెలిగినదనగా ప్రమాదము రానున్నదని యర్థము కాదు, వచ్చియున్నదని యర్థము. సర్వీసునకు గడువు వచ్చినదని తెలుపు పసుపు దీపములతో దీనిని కలిపి చూచుట గొప్ప పొరపాటు.

అయినను అది ఒకానొకప్పుడు ముందుగనే సైగచేయును. కండ్లకోయ కూడలిలో జాతీయ రహదారినుండి ఔటరుపైకి ఎక్కు మెలికదారులలో బండి ఒక ప్రక్కకు ఒరగును. ఛాంబరులో నూనె తక్కువగా నున్నచో అదియు ఒక ప్రక్కకు చేరి, పంపు జల్లెడ క్షణకాలము గాలిని పీల్చును. దీపము మినుకుమని ఆరిపోవును. డ్రైవరు ఊపిరి పీల్చుకొని ముందుకు సాగును. ఆ మినుకే బండి పెట్టిన ఉచితమైన ఉత్తరము. దానిని చదువుకొన్నవాడు దిగి ఆయిలు పుల్ల తీసి చూచును, ఒక లీటరు పోయును, ఇంజను దక్కును.

చదువుకొననివాని గతి యిట్లుండును. నూనెపొర తెగినతోడనే బేరింగులలోని మెత్తని లోహము క్రాంకుపై రాపిడిపడి కాగును, కరగును. లోపలనుండి సుత్తెతో కొట్టినట్లు చప్పుడు వచ్చును. అంతట క్రాంకు పట్టివేయుటయో, రాడ్డు విఱిగి ఇంజను దిమ్మెను చీల్చుకొని వెలికివచ్చుటయో సంభవించును. ఇందులకు గంటలు పట్టవు. బరువుతో వేగముగా పోవు బండికి ఒకటి రెండు నిమిషములు చాలును, కొన్నిటికి అంతయు నక్కరలేదు. "మేడ్చలు ఎంతో దూరము లేదు, పోయి చూచుకొందము" అనునది ఈ దారిలో మిక్కిలి ఖరీదైన మాట. కండ్లకోయనుండి మేడ్చలు నాలుగైదు కిలోమీటర్లే. కాని నూనెలేని ఇంజనుకు అది కాశీయాత్ర.

అప్పుడు చేయవలసినదేమి? మొట్టమొదట కాలు ఆక్సిలేటరునుండి తీయవలయును. నాలుగు ఇండికేటర్లును ఒక్కమాఱుగ వెలుగు మీట నొక్కి, అద్దములో వెనుక చూచుకొనుచు, బండికున్న ఊపుతోడనే ఎడమ అంచునకు చేరవలయును. గేరు న్యూట్రలులో వేసి ఇంజను ఆపవలయును. ఇందు రెండు మెలకువలు కలవు. ఇంజను ఆగినతోడనే స్టీరింగు బరువెక్కును, బ్రేకు ఒకటి రెండు తొక్కుళ్లకు మాత్రమే తేలికగా పనిచేసి పిదప గట్టిపడును. కావున బ్రేకును పలుమాఱు తొక్కక ఒక్కటే తొక్కుడుగా తొక్కవలయును. రెండవది, తాళముచెవి గల బండ్లలో బండి పూర్తిగా నిలువకముందు చెవిని చివరివఱకు త్రిప్పి తీయరాదు; స్టీరింగు తాళము పడినచో బండి చెప్పిన మాట వినదు. నిలిచిన పిదప ఎడమవైపు తలుపునుండియే దిగి, పిల్లలతో సహా అందఱును ఇనుప కంచె కావలికి పోవలయును. బండిలో కూర్చుండి టోచను కొఱకు ఎదురుచూచుట, బండి వెనుక నిలిచి ఫోనులో మాటాడుట ప్రాణాంతకములు. ఎఱ్ఱని ముక్కోణపు పలకను వెనుక వచ్చువారికి కనబడునంత దూరమున నిలుపవలయును. రాళ్లును వేపకొమ్మలును రాత్రి కనబడవు, పైగా బండి వెడలిన పిదప రోడ్డుననే మిగిలిపోయి మఱియొకని ప్రాణము తీయును. జాతీయ రహదారిపై 1033 సంఖ్యకు ఫోను చేసినచో సహాయము లభించును.

కొన్ని నిమిషములు ఆగి, బండి చదునుగా నున్న చోటనే పుల్ల చూడవలయును. నూనె గుర్తునకు దిగువనున్నచో తగిన రకపు నూనె పోసి ఒక్కసారి స్టార్టుచేయవచ్చును. అయిదారు సెకనులలో దీపము ఆరనిచో వెంటనే ఆపి, ఇక తాళముచెవి జోలికి పోరాదు. పుల్లపై నూనె నిండుగా నుండి దీపము మాత్రము వెలుగుచున్నచో పంపో, జల్లెడయో, బేరింగులో చెడియుండవచ్చును, అప్పుడును స్టార్టుచేయరాదు. బండి క్రింద నల్లని చాఱ కనబడినచో నూనె పోసినను అది రోడ్డు పాలే.

ఇక్కడ మన మేస్త్రీలును డ్రైవర్లును చెప్పు ఒక సమాధానము కలదు: "ఏమియు కాదు, సెన్సారు చెడియుండును." నిజమే, ఆ చిన్న బిళ్ల చెడుట కలదు. కాని దానిని రుజువు చేయుటకు మార్గము వర్కుషాపులో దానిని విప్పి ముల్లు గడియారము బిగించి చూచుటయేగాని బండిని నడిపి చూచుట కాదు. ఈ సమాధానము ఎంత బలమైనదో తెలియవలెనన్నచో కండ్లకోయ విడిచి ఆకాశమార్గమున కొంతదూరము పోవలసియున్నది.

1983 మే 5వ తేదీన అమెరికాలోని మయామీనుండి నాసో ద్వీపనగరమునకు ఈస్టర్ను ఎయిర్‌లైన్సు వారి మూడింజనుల విమానము 172 మందితో బయలుదేరెను. గమ్యము సమీపించుచుండగా నడిమి ఇంజనుకు నూనె ఒత్తిడి తగ్గినదని దీపము వెలిగెను. విమానచోదకులు ఆ ఇంజనును ఆపివేసి మయామీకి మరలిరి. కొన్ని నిమిషములకు మిగిలిన రెండింటి దీపములును వెలిగెను. ముండ్లు సున్నవద్ద నిలిచెను. మూడు ఇంజనులకు ఒక్కసారి నూనె పోవుట అసంభవము గావున కొలతపరికరములే చెడినవని వారు తలంచిరి. మన మేస్త్రీ సమాధానమే! కొంతసేపటికి ఒక ఇంజను ఆగెను. మఱి కొంతసేపటికి రెండవదియు ఆగెను. క్రింద సముద్రము, పైన ఒక్క ఇంజనును లేని విమానము. ప్రయాణికులు తేలుడు కోటులు తొడిగికొనిరి. సుమారు 4,000 అడుగుల ఎత్తున, మొదట ఆపివేసిన నడిమి ఇంజనును మరల రగిలించిరి. అది అంటుకొనెను. ఆ యొక్కదానితో మయామీ చేరి దిగిరి. ఒక్కరికిని గాయము తగులలేదు.

పాఠకులు ఒక విషయమును గమనింపవలయును. మూడు ఇంజనులకును పట్టిన రోగమొక్కటే. నడపుచుండిన రెండును చచ్చినవి. దీపము వెలిగినతోడనే ఆపిన ఇంజను, కొంచెము నూనెను ప్రాణమును దాచుకొని, అవసరకాలమున 172 మందిని మోసినది. ఇంజనును ఆపుట దానిని పోగొట్టుకొనుట కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. 1935 మే నెలలో కింగ్స్‌ఫర్డు స్మిత్తు "సదరన్ క్రాసు" విమానముపై ఆస్ట్రేలియానుండి న్యూజీలండునకు పోవుచుండగా కుడి ఇంజను చెడగా దానిని ఆపవలసివచ్చెను. ఎడమదానికి నూనె తఱుగుచుండెను. అతని సహచరుడు పి. జి. టేలరు విమానమునుండి వెలికివచ్చి, గాలిహోరున కమ్మీపై ప్రాకి, ఆగిన ఇంజనులోని నూనెను ప్లాస్కుతో పట్టి తెచ్చి రెండవదానికి పోసెను. ఒక్కమాఱు కాదు, పలుమాఱు. విమానము సిడ్నీకి తిరిగి చేరెను. మన డ్రైవరు చేయవలసినది కమ్మీ ప్రాకుట కాదు, రోడ్డు అంచుకు దిగుట మాత్రమే.

ఆ అమెరికా విమానమునకు రోగమెట్లు వచ్చినది? నూనెలో లోహపు రజను పడుచున్నదో లేదో కనిపెట్టు చిన్న మరలను ఆ రాత్రి మూడు ఇంజనులకును మార్చిరి. వానికి రబ్బరు వలయములు తొడుగలేదు. ప్రతిదినము ఫోర్మను బీరువాలో వలయములు తొడిగిన మరలే యుండెడివి. ఆ రాత్రి అక్కడ లేకపోగా స్టోరునుండి తెచ్చిరి. తొడిగియే యుండునని పనివారు నమ్మిరి. మన వర్కుషాపులలో జరుగునదియు నిట్టిదే. ఫిల్టరు మార్చునప్పుడు పాత రబ్బరు వలయము ఇంజనుకే అంటుకొని యుండును; చూడక క్రొత్తది దానిపై బిగింతురు; రెండు వలయముల నడుమనుండి వేగమున నూనె చిమ్మి బయటకు పోవును. ఛాంబరు నట్టును కుఱ్ఱవాడు చేతితో త్రిప్పి, పానా కొఱకు పోయి, వేఱు పనిలో పడును. సర్వీసు చేయించి బయలుదేరిన దినమే ఇంజను పోయినదని వినవచ్చు మాట అబద్ధము కానక్కరలేదు. బండిని తీసికొనునప్పుడు అయిదు నిమిషములు స్టార్టుచేసి యుంచి, క్రింద వంగి చూచి, ఆపి పుల్ల చూచుకొనుట యజమానుని పని.

యజమానుల మాట వచ్చినది గనుక స్పష్టముగా చెప్పుదుము; మా పాఠకులలో పెక్కురు బండ్ల యజమానులే. డ్రైవరు దీపమును చూచియు ఏల నడపును? అజ్ఞానముచేతనని తేలికగా చెప్పివేయుచుందుము. కాని ఇరువది యేండ్లు లారీ నడపినవానికి ఆ కొమ్ముచెంబు బొమ్మ తెలియదనుట నమ్మదగినది కాదు. సరకు వేళకు దిగకపోయినచో కిరాయి కోయుదురు. నడుమ ఆపినచో "బండి ఆపి నిద్రపోయినావా" యని తిట్టుదురు. టోచను ఖర్చు జీతమునుండి పట్టుకొందురను భయము వేఱు. ఆపినచో తప్పు తనది. నడపగా ఇంజను పోయినచో దైవము పైనను కంపెనీ పైనను త్రోయవచ్చును. ఇట్టి లెక్కలో ఎవడైనను నడపుటనే కోరుకొనును. ఈ లెక్కను వ్రాసినవారు డ్రైవర్లు కారు. దీపము వెలిగి ఆపినవానికి ఒక్క పైసాయైనను కోత యుండదని యజమాని ముందుగనే చెప్పియుంచినచో, దీపమునుగూర్చి వేఱే ఉపన్యాసము లక్కరలేదు. ఈస్టర్ను విమానచోదకులు మొదటి దీపమునకే ఇంజనును ఆపగలిగినది వారికి ఆ యధికారము ఉండుటవలననే గదా.

నూనె ఖరీదునకు వెనుదీయుట మఱియొక రోగము. చిన్న కారునకు మూడు నాలుగు లీటర్ల నూనె పట్టును. ఇంజను మరల కట్టించుటకగు వ్యయముతో పోల్చినచో అది లెక్కలోనిది కాదు. అయినను గడువు దాటించుచుందురు. దాటినకొలది నూనె మడ్డియై జల్లెడను మూసికొనును. డీజిలు కలిసి పలుచబడిన నూనె పుల్లపై నిండుగా కనబడునుగాని ఒత్తిడిని నిలుపలేదు. పేరుగల డబ్బాలలో వాడిన నూనెను వడగట్టి నింపి అమ్ముట మన దేశమున క్రొత్త కాదు. అత్యవసర వస్తువుల చట్టము క్రింద కేంద్రప్రభుత్వమువారు 1987లో నూనెల, గ్రీజుల నియంత్రణకు ఒక ఉత్తరువునే చేయవలసివచ్చినది. ఖాళీ డబ్బాలను చిల్లుపొడువక పాతసామానువానికి వేయు ప్రతివాడును ఆ వ్యాపారమునకు పెట్టుబడి సమకూర్చుచున్నట్లే.

ప్రభుత్వమువారు చేయదగినదియు కొంత కలదు. డ్రైవింగు పాఠశాలలకు 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో ఏర్పఱచిన పాఠ్యక్రమమున బండి యంత్రనిర్మాణము, దాని పోషణయు చేరియున్నవి. ఆచరణలో గేరు, క్లచ్చి, ఎనిమిది అంకె. అంతతో విద్య ముగియుచున్నది. లైసెన్సు పరీక్షకు వచ్చినవానిని తాళముచెవి ఒక్క మెట్టు త్రిప్పించి, వెలిగిన దీపములలో ఏది వెలిగినచో బండి నాపవలయునో చూపుమని అడుగుటకు అర నిమిషము పట్టదు. అదే మెట్టులో ఆ కొమ్ముచెంబు వెలుగనిచో దీపమే మాడిపోయినదని తెలియును గనుక, ఇది అనుదినము ఉదయమున చేసికొనదగిన పరీక్షయు నగును. కండ్లకోయ కూడలి విషయమున మేము కోరునది ఇంకను స్వల్పము: మెలికదారులు ఔటరును చేరు చోట్ల చెడిన బండి పూర్తిగా దారి తప్పుకొని నిలుచునంత వెడల్పైన జాగాను గుర్తించి పలకలు నాటుట, సహాయమునకు ఫోను చేయవలసిన సంఖ్యను రాత్రివేళ దీపపు వెలుగునకు మెఱయు అక్షరములతో కిలోమీటరున కొకచోట తెలుగులోను హిందీలోను వ్రాయించుట. పంజాబు కోతయంత్రములు వరికోతలకు దిగివచ్చునప్పటికే ఈ పని జరిగియుండవలయును.